పిల్లల బడి, ప్రభుత్వ ధనం, సంఘం: మిసిసిపీ అనుభవం (1965–1968)

ఒంగోలు మిషను చరిత్ర ఎరిగిన మన పాఠకులకు బకింగ్‌హాం కాలువ సంగతి కొత్త కాదు. 1876–78 నాటి మహా కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు ఆ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని ప్రభుత్వం దగ్గర కాంట్రాక్టుకు తీసుకొని, ఆకలితో ఉన్న జనానికి పని కల్పించారు. సంఘానికీ రాజ్యానికీ మధ్య గోడ ఉండాలని గట్టిగా బోధించే బాప్టిస్టులలో ఒకరు ప్రభుత్వ కాంట్రాక్టరు కావడం ఆలోచించదగిన విషయమే. కూలి కోసం సంఘంలో చేరారన్న మాట రాకూడదని ఆయన కరువు సహాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపివేశారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర 2,222 మందికి బాప్తిస్మమిచ్చిన సంగతి మన ప్రసంగాలలో తరచుగా వినబడుతుంది. దానికి ముందున్న ఆ నెలల నిరీక్షణ గురించి అంతగా వినబడదు.

సంఘం ప్రభుత్వ ధనంతో పని చేయవచ్చునా అన్న ప్రశ్న మన దగ్గర ఎయిడెడ్ పాఠశాలల విషయంలోను, హాస్టళ్ళ విషయంలోను నూరేళ్ళకు పైగా నలుగుతూనే ఉన్నది. చంటిపిల్లల సంరక్షణ విషయంలో అది మరింత సున్నితమైనది. ఎందుకంటే పాఠశాలకు గ్రాంటు ఆలస్యమైతే ఉపాధ్యాయుడు ఇబ్బందిపడతాడు, తరగతి మాత్రం ఎలాగో నడుస్తుంది. రెండేళ్ళ బిడ్డకు మధ్యాహ్నం పెట్టవలసిన అన్నం వచ్చే త్రైమాసికానికి వాయిదా పడదు.

ఇది మేము పుస్తకాలలో చదివి చెబుతున్న మాట కాదు. మా సంఘం కొన్నేళ్ళపాటు ఒక బాలవాడి నడిపింది. పొగాకు గ్రేడింగు పనికి వెళ్ళే తల్లులు ఉదయం పిల్లలను దింపి, సాయంత్రం తీసుకొని వెళ్ళేవారు. గ్రాంటు మంజూరైనట్లు కాగితం జూన్‌లో వచ్చింది. డబ్బు మార్చి చివరి వారంలో వచ్చింది, అదీ నెలాఖరులోగా ఖర్చు చేసి వినియోగ ధృవీకరణ పత్రం పంపమన్న షరతుతో. ఈలోగా ఆయా తొమ్మిది నెలలు జీతం లేకుండా పనిచేసింది. కిరాణా కొట్టులో అరువు ఆమె పేరు మీదనే ఉండేది. ఆ కార్యాలయం పేరు చెప్పడం మా ఉద్దేశం కాదు; అక్కడి గుమాస్తా మాతో మర్యాదగానే మాట్లాడేవాడు. కానీ ఆ ఒడంబడిక పత్రాన్ని తరువాత ఒకసారి తీసి చదివినప్పుడు మాకు ఒక సంగతి తట్టింది. అందులో ప్రభుత్వం పేరు ఉంది, సొసైటీ పేరు ఉంది, కార్యదర్శిగా మా సంతకం ఉంది. పిల్లలను పెంచే మనిషి పేరు ఎక్కడా లేదు.

ఈ లోపాన్నే అతి పెద్ద ఎత్తున చూపే చరిత్ర ఒకటి అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో 1965 మొదలు 1968 వరకు జరిగింది. అందులో సంఘాలకు, కాపరులకు, ఒక ప్రెస్బిటేరియన్ కళాశాలకు ముఖ్యమైన పాత్ర ఉన్నది. మన వేదాంత కళాశాలల్లో అమెరికా నల్లజాతివారి పౌరహక్కుల పోరాటం గురించి చెప్పేటప్పుడు మార్టిన్ లూథర్ కింగ్ గారి దగ్గర మొదలుపెట్టి ఆయన దగ్గరే ముగించడం అలవాటైపోయింది. పల్లెటూళ్ళ గుళ్ళలో జరిగిన ఈ కథను అందుకే ఇక్కడ కొంత వివరంగా చెప్పదలచాము.

చట్టంలో దొరికిన సందు

1964 ఆగస్టు 20న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఆర్థిక అవకాశాల చట్టంపై సంతకం చేశాడు. పేదరికంపై యుద్ధం అని ఆయన పిలిచిన కార్యక్రమానికి ఇది పునాది. దాన్ని అమలుచేయడానికి వాషింగ్టన్‌లో ఆర్థిక అవకాశాల కార్యాలయం ఏర్పడింది. దానికి అధిపతి సార్జెంట్ ష్రైవర్. ఈయన కెన్నడీ కుటుంబానికి అల్లుడు, భక్తిగల రోమన్ కథోలికుడు. 1965 వేసవిలో ఈ కార్యాలయం బడికి వెళ్ళబోయే పేదపిల్లల కోసం హెడ్ స్టార్ట్ అనే పథకం ప్రారంభించింది. చదువుతోపాటు భోజనం, వైద్య పరీక్ష కూడా ఇందులో భాగమే. ఆ మొదటి వేసవిలోనే దేశమంతటా ఐదు లక్షలకు పైగా పిల్లలు చేరారు.

ఈ పథకాన్ని ప్రభుత్వం నేరుగా నడపలేదు. స్థానిక సంస్థలకు గ్రాంటు ఇచ్చి, షరతులు పెట్టి, వారిచేత నడిపించింది. ఖర్చులో పదోవంతు స్థానిక సంస్థే భరించాలి, అయితే దాన్ని డబ్బు రూపంలోనే ఇవ్వనవసరం లేదు. కట్టడం ఇచ్చినా, ఉచితంగా శ్రమ చేసినా లెక్కలోకి వస్తుంది. మన దేశంలో 2006లో మొదలైన రాజీవ్ గాంధీ జాతీయ క్రెష్ పథకం నడిపిన స్వచ్ఛంద సంస్థలకు ఈ పదోవంతు వాటా పరిచయమే.

అయితే మిసిసిపీలో ఈ డబ్బును అడిగేదెవరు? తెల్లవారి అధీనంలోని పాఠశాల బోర్డులు చాలాచోట్ల ముందుకు రాలేదు. 1964 పౌరహక్కుల చట్టం ప్రకారం కేంద్ర ధనం తీసుకుంటే నల్లజాతి, తెల్లజాతి పిల్లలను వేరుచేయడానికి వీల్లేదు. ఆ షరతుకు ఒప్పుకోవడం కంటే ఆ డబ్బు వదులుకోవడమే మేలని వారు తలచారు. నల్లజాతివారే ఒక సంస్థ పెట్టి అడిగితే, రాష్ట్ర గవర్నరుకు ఆ గ్రాంటును తిరస్కరించే అధికారం చట్టంలో ఉన్నది. గవర్నరు పాల్ జాన్సన్ దాన్ని ఉపయోగిస్తాడనడంలో ఎవరికీ సందేహం లేదు.

కానీ చట్టంలో ఒక మినహాయింపు ఉన్నది. అప్పటికే ఉన్న ఉన్నత విద్యాసంస్థకు ఇచ్చే గ్రాంటుకు గవర్నరు తిరస్కారం వర్తించదు. వెస్ట్ పాయింట్ అనే పట్టణంలో మేరీ హోమ్స్ జూనియర్ కళాశాల ఉండేది. విడుదలైన బానిసల సంతానం కోసం ప్రెస్బిటేరియన్ సంఘం 19వ శతాబ్దంలో స్థాపించిన విద్యాసంస్థ ఇది. కాబట్టి గ్రాంటు మేరీ హోమ్స్ పేరున వచ్చింది. పని చేసేది మాత్రం కొత్తగా ఏర్పడిన చైల్డ్ డెవలప్‌మెంట్ గ్రూప్ ఆఫ్ మిసిసిపీ. ఇకమీదట దీనిని సి.డి.జి.ఎం. అంటాము.

ఈ ఆలోచన వెనుక ఉన్నవారిలో టామ్ లెవిన్ అనే న్యూయార్క్ మనోవిశ్లేషకుడు ముఖ్యుడు. 1964 వేసవిలో పౌరహక్కుల కార్యకర్తలకు వైద్య సహాయం చేయడానికి మిసిసిపీ వెళ్ళి, అక్కడి పిల్లల స్థితి చూసినవాడు. ఆయనకు నేషనల్ కౌన్సిల్ ఆఫ్ చర్చెస్ వారి డెల్టా మినిస్ట్రీ తోడ్పడింది. ఎడ్వర్డ్స్ పట్టణం దగ్గర మౌంట్ బ్యూలా అనే పాత మిషను కళాశాల ప్రాంగణం డెల్టా మినిస్ట్రీ అధీనంలో ఉండేది, సి.డి.జి.ఎం. ప్రధాన కార్యాలయం అక్కడే పెట్టారు.

ఆదిలోనే ఒక వర్గం దీన్ని వ్యతిరేకించింది. వారు తెల్లవారు కాదు, ఉద్యమంలోనివారే. ఎస్.ఎన్.సి.సి. అనే విద్యార్థి ఉద్యమ సంస్థలో అనేకులు ప్రభుత్వ జీతాలు వస్తే పోరాటం చప్పబడుతుందని, వాషింగ్టన్ చేతికి తాడు ఇచ్చినట్లవుతుందని వాదించారు. వారి భయం వట్టిది కాదని తరువాతి సంగతులు చూపించాయి. అలాగని వారి మాట విని ఉంటే ఆ వేసవిలో ఆ పిల్లలకు వేడి అన్నం దొరికేది కాదు. ఈ రెండింటి మధ్య తేల్చి చెప్పగలమని మేము అనుకోవడం లేదు.

గుళ్ళలో నడిచిన బడులు

మొదటి గ్రాంటు సుమారు 15 లక్షల డాలర్లు, ఏడు వారాలకు. 84 కేంద్రాలలో సుమారు 6,000 మంది పిల్లలు. ఏడు వారాల పనికి ఇంత పెద్ద ఏర్పాటు వ్యాపారస్తుడెవడూ చేయడు.

ఈ కేంద్రాలలో చాలా భాగం నల్లజాతివారి గుళ్ళు. ఆదివారం బల్లలు వరుసగా పెట్టి ఆరాధన. సోమవారం వాటిని గోడకు నెట్టి పిల్లల బడి. ఇటువంటి ఏర్పాటు మన పల్లెల్లో ఎన్ని చోట్ల ఉన్నదో సేవకులకు తెలుసు. గుడి ఇచ్చిన సంఘాలకు ముప్పు కూడా వచ్చింది. కేంద్రాల ముందు సిలువలు కాల్చారు, కొన్నిటిపై తుపాకులు పేల్చారు. తెల్లవారి దౌర్జన్య సంస్థ అయిన కు క్లక్స్ క్లాన్ సిలువను కాల్చి బెదిరిస్తుందన్నది మన విద్యార్థులు విన్నదే. ఆ సిలువ ఒక గుడి ముందు, లోపల పసిపిల్లల బడి ఉండగా కాలడం ఎటువంటిదో ఒక్క నిమిషం ఆలోచించాలని మనవి.

బోధించినవారు ఎవరు? ఎక్కువమంది ఆ ఊరి తల్లులే. పత్తి చేలలో కూలి చేసినవారు, పాలుకు సేద్యం చేసే కుటుంబాలవారు, తెల్లవారి ఇళ్ళలో వంట చేసి వారి పిల్లలను పెంచినవారు. ఒక విచిత్రం గమనించండి. ఈ స్త్రీలు తరతరాలుగా తెల్లవారి బిడ్డలను ఎత్తుకొని పెంచినప్పుడు వారి అర్హతను ఎవరూ అడగలేదు. తమ సొంత బిడ్డలకు అక్షరాలు నేర్పబోయేసరికి సర్టిఫికెట్లు ఏవని ప్రశ్న వచ్చింది. వారికి హెడ్ స్టార్ట్ ఇచ్చిన వారం జీతం వంటిళ్ళలో వచ్చే కూలికి ఎన్నో రెట్లు ఎక్కువ. అంతకంటే ముఖ్యంగా, ఆ జీతం ఊరి భూస్వామి చేతిమీదుగా రాదు. ఓటు నమోదు చేసుకుంటే పని ఊడుతుందన్న భయం మొదటిసారి కొంత తగ్గింది. అక్కడి పెత్తందార్లకు కంటగింపు అయినది పిల్లలు చదివే పాఠం కాదు, తల్లుల చేతికి వచ్చే ఈ చెక్కు అని మా అభిప్రాయం.

బోధనలో కూడా కొత్తదనం ఉండేది. పిల్లలు తమ నోటితో చెప్పిన కథలను ఉపాధ్యాయినులు ఉన్నదున్నట్లు వ్రాసి, చిన్న పుస్తకాలుగా చేసి, వాటితోనే చదువు నేర్పారు. పిల్లలు మాట్లాడే భాష వ్యాకరణం ప్రకారం తప్పు అని పై అధికారులలో కొందరు విసుక్కున్నారు. ఈ పద్ధతికి ఆధారమైన పాలీ గ్రీన్‌బర్గ్ మొదట వాషింగ్టన్ కార్యాలయంలో ఉద్యోగి. ఆ ఉద్యోగం వదిలి సి.డి.జి.ఎం.లో చేరింది. 1969లో ఆమె ఈ సంస్థ చరిత్రను పెద్ద గ్రంథంగా ప్రచురించింది.

పిల్లలను సంరక్షించే ప్రతి కేంద్రానికీ స్థానిక కమిటీ ఉండేది; ఎవరిని పనిలో పెట్టుకోవాలో ఆ కమిటీయే నిర్ణయించేది. చట్టమే పేదల గరిష్ఠ భాగస్వామ్యం కోరింది కదా. సి.డి.జి.ఎం. పాలకమండలికి అధ్యక్షుడు కాంటన్ పట్టణానికి చెందిన కాపరి, రెవరెండ్ జేమ్స్ మెక్‌రీ.

లెక్కల గొడవ

ఆ వేసవి ముగియకముందే మిసిసిపీ సెనెటర్ జాన్ స్టెన్నిస్ ఈ గ్రాంటుపై ఆరోపణలు మొదలుపెట్టాడు. ఈయన సెనేటులో నిధులు మంజూరు చేసే కమిటీ సభ్యుడు. ఆ కమిటీ తరఫున పరిశోధకులు మిసిసిపీకి వచ్చారు. జాక్సన్‌లో ప్రదర్శన చేసి అరెస్టయిన ఉద్యోగుల జరిమానాలకు గ్రాంటు డబ్బు వాడారని, అద్దె కార్లను పౌరహక్కుల పనికి తిప్పారని, జీతాల పట్టికలు సరిగా లేవని, రసీదులు లేవని ఆరోపణలు.

ఇక్కడ మన సేవకులు కొంత జాగ్రత్తగా చదవాలి. ఇది శత్రువుల కుట్ర మాత్రమే అని చెప్పి దాటిపోవడం సులభం. స్టెన్నిస్ ఉద్దేశం ఏమిటో దాపరికం లేదు. లెక్కలు పరిశుద్ధంగా ఉన్నా ఆయన వేరొకటి వెదికేవాడు. అయినా లెక్కలలో లోపాలు ఉన్నమాట నిజం. ఏడు వారాలలో వందలాది మందిని పనిలో పెట్టుకొని, బ్యాంకు ఖాతా ఎన్నడూ చూడని గ్రామ కమిటీల చేతికి వేల డాలర్లు ఇచ్చి, ఒక్కొక్క రసీదు మౌంట్ బ్యూలాకు చేరాలంటే ఎలా సాధ్యం? లోపాలకు కారణం దొంగతనం కంటే తొందర అని మేము నమ్ముతున్నాము. కానీ ఆడిటరు కాగితం మీద ఈ రెండింటికీ ఒకే గడి ఉంటుంది.

పౌలు యెరూషలేము పేదల కోసం కానుక పోగుచేసినప్పుడు చేసిన ఏర్పాటు రెండవ కొరింథీ పత్రిక 8వ అధ్యాయంలో ఉన్నది. ఎవరూ వేలెత్తి చూపకుండా ఉండాలని, సంఘాలు ఏర్పరచిన మనుష్యులను తోడు పెట్టుకొని వెళ్ళాడు. ప్రభువు ఎదుటనే గాక మనుష్యుల ఎదుట కూడా యోగ్యమైనది చేయాలన్నది ఆయన ఆలోచన. ఈ భాగాన్ని మనం కానుకల ఆదివారం ప్రసంగానికి వాడతాము. సంఘ కోశాధికారి నోటుబుక్కు దగ్గర పెట్టుకొని చదివితే ఇంకా బాగుంటుంది.

వాషింగ్టన్ స్పందన ఏమిటంటే, ప్రధాన కార్యాలయాన్ని మౌంట్ బ్యూలా నుండి రాష్ట్రానికి ఇంకో కొసనున్న మేరీ హోమ్స్ ప్రాంగణానికి మార్చమని ఆజ్ఞ. ఉద్యమ కార్యకర్తలకు దూరంగా ఉండాలన్నది పైకి చెప్పిన కారణం. కార్యక్రమం మధ్యలో ఉండగా కార్యాలయం మార్చడమంటే బడులు మూసుకొన్నట్టే అని లెవిన్ ఎదిరించాడు. చివరకు ఆయన పదవి పోయింది. ఆ తరువాత జాన్ మడ్ అనే యువకుడు సంచాలకుడయ్యాడు. గ్రాంటు మేరీ హోమ్స్ పేరున ఉన్నందువల్లనే ఇటువంటి ఆజ్ఞ ఇవ్వడం సాధ్యమైంది అన్నది గమనార్హం. గవర్నరు చేతినుండి తప్పించిన ఏర్పాటే వాషింగ్టన్‌కు పట్టు ఇచ్చింది.

డబ్బు లేని నెలలు

వేసవి గ్రాంటు ముగిసింది. రెండవ గ్రాంటు 1966 ఫిబ్రవరిలో గాని రాలేదు. ఈ మధ్యకాలం గురించి చరిత్రకారులు ఒకటి రెండు వాక్యాలు వ్రాసి ముందుకు వెళతారు. బహుశా కాగితాలు తక్కువగా మిగిలిన కాలం కావడం వల్ల కావచ్చును. మాకు మాత్రం ఈ కథలో ఇదే ముఖ్యమైన అధ్యాయం.

అనేక కేంద్రాలు మూతపడలేదు. జీతం లేకుండా తల్లులు బడి నడిపారు. సంఘాలు కట్టెలు తెచ్చి పొయ్యి వెలిగించాయి, ఇంటింటా బియ్యం, చిక్కుళ్ళు పోగుచేశాయి. ఈ శ్రమకు ఎవరూ లెక్క కట్టలేదు. గ్రాంటు ఉన్న కాలంలో స్వచ్ఛంద శ్రమ స్థానిక వాటాగా లెక్కలోకి వచ్చేది. గ్రాంటు లేనప్పుడు అదే శ్రమ దేనిలోకీ రాదు. మా బాలవాడి ఆయా మాకు గుర్తుకు వచ్చింది ఈ భాగం చదివినప్పుడే. జీతం రాని ఆ తొమ్మిది నెలలను మేము వార్షిక నివేదికలో కార్యక్రమం నిరాటంకంగా సాగినది అని వ్రాశాము. అది అబద్ధం కాదు గాని, నిజం కూడా కాదు.

1966 ఫిబ్రవరిలో 48 మంది పిల్లలు తమ ఉపాధ్యాయినులతో రెండు బస్సులలో వాషింగ్టన్ వెళ్ళారు. ప్రతినిధుల సభ విద్యా కార్మిక కమిటీ సమావేశ గదిలో బొమ్మలు, రంగులు పరచుకొని అక్కడే బడి నడిపారు. ఆ కమిటీకి అప్పటి అధ్యక్షుడు ఆడమ్ క్లేటన్ పావెల్, హార్లెంలోని అబిస్సీనియన్ బాప్టిస్టు సంఘానికి కాపరి కూడా. అదే నెలలో 56 లక్షల డాలర్ల గ్రాంటు మంజూరైంది. ఈసారి పిల్లలు సుమారు 9,000. పిల్లలను ప్రదర్శనకు పెట్టడం సబబా అని అప్పుడే కొందరు అడిగారు. మేమూ అడుగుతాము. అయితే ఐదు నెలలుగా ఉత్తరాలు వ్రాసినా జవాబు రాని తల్లులకు ఇంకేమి మార్గం మిగిలిందో కూడా అడగవలసి ఉంటుంది.

మన తెలుగు బైబిలులో దేవుడు తన ప్రజలతో చేసిన ఒప్పందానికి నిబంధన అని పేరు. ప్రభుత్వ కార్యాలయాల్లో షరతులకు కూడా నిబంధనలు అనే అంటారు. మాట ఒకటే అయినా దేవుని నిబంధనకు ఆర్థిక సంవత్సరం లేదు. సి.డి.జి.ఎం. వారికి వచ్చిన మొదటి రెండు ఒడంబడికలకూ ఒక్క సంవత్సరం నిండు ఆయుష్షు లేదు. ఏడు వారాలు ఒకటి, సుమారు ఆరు నెలలు ఒకటి. షరతులు కఠినంగా ఉన్నా వాటికి అలవాటుపడవచ్చు. ముగింపు తేదీ దగ్గరపడే కొద్దీ ప్రతి షరతూ బెదిరింపుగా మారుతుంది.

మరొక సంస్థ, మరొక సంతకం

రెండవ గ్రాంటు ముగిసిన తరువాత, 1966 అక్టోబరు మొదట్లో, సి.డి.జి.ఎం.కు ఇక ధనం ఇవ్వబోమని ష్రైవర్ కార్యాలయం ప్రకటించింది. మళ్ళీ లెక్కల లోపాలు, బంధుప్రీతి, పాలకమండలిలో తెల్లవారు చాలినంతమంది లేకపోవడం కారణాలుగా చూపింది. స్టెన్నిస్ ఒత్తిడి, వియత్నాం యుద్ధ ఖర్చుకు ఆయన మద్దతు అధ్యక్షునికి అవసరమవడం అసలు కారణాలని చాలామంది నమ్మారు. మేమూ అదే నమ్ముతున్నాము. ధనం అంతకుముందే వేరొకచోటికి దారి పట్టింది. మిసిసిపీ యాక్షన్ ఫర్ ప్రోగ్రెస్ అనే కొత్త సంస్థ సెప్టెంబరులో నమోదైంది. దానికి 30 లక్షల డాలర్లు మంజూరయ్యాయి.

ఈ కొత్త సంస్థను విలన్‌గా చూపడం న్యాయం కాదు. దాని పాలకమండలిలో ఆరన్ హెన్రీ ఉన్నాడు, ఈయన ఎన్.ఎ.ఎ.సి.పి. రాష్ట్ర అధ్యక్షుడు, నల్లజాతివారి హక్కుల కోసం జైలుకు వెళ్ళినవాడు. గ్రీన్‌విల్ పత్రికా సంపాదకుడు హాడింగ్ కార్టర్ ఉన్నాడు. యాజూ నగరపు ఎరువుల పరిశ్రమాధిపతి ఓవెన్ కూపర్ ఉన్నాడు. ఈయన భక్తిగల బాప్టిస్టు సంఘస్థుడు, 1972 నుండి 1974 వరకు సదరన్ బాప్టిస్టు కన్వెన్షన్ అధ్యక్షుడిగా పనిచేశాడు. మిసిసిపీలో తెల్లవారు, నల్లవారు ఒక బల్ల చుట్టూ కూర్చోవడం ఆ రోజుల్లో చిన్న సాహసం కాదు. హెన్రీగారికి తనవారినుండే ద్రోహి అన్న నింద వచ్చింది. ఆయన మనస్సులో, ఎవరి పేరున వచ్చినా ధనం రాష్ట్రంలోకి రావడమే ముఖ్యమని ఉండవచ్చు.

అయినా తేడా ఉన్నది. సి.డి.జి.ఎం.లో గ్రామ కమిటీలు పైకి మనుషులను పంపేవి. కొత్త సంస్థలో పాలకమండలి ముందు ఏర్పడింది, గ్రామాలు తరువాత. ఆ తల్లులను ఎవరూ పనిలోనుండి తీసివేస్తామనలేదు; దరఖాస్తు పెట్టుకొమ్మన్నారు. రెండు వేసవులు తామే నడిపిన బడిలో పనికోసం వారు దరఖాస్తు పెట్టుకోవాలి. ఒడంబడికలో వారి సంతకం ఎన్నడూ లేదు గనుక ఒడంబడిక ఉల్లంఘన కూడా జరగలేదు.

సంఘాలు ఊరుకోలేదు. జాక్సన్‌లో వేలాదిమంది సమావేశమయ్యారు. అక్టోబరు 19న న్యూయార్క్ టైమ్స్ పత్రికలో పూర్తి పేజీ ప్రకటన వెలువడింది; ష్రైవర్‌ను పేరుపెట్టి నిలదీసిన ఆ ప్రకటన కింద మత నాయకులు, ఇతర ప్రముఖులు సంతకాలు చేశారు. ష్రైవర్‌కు ఎంతో బాధ కలిగించినది అదే అంటారు. తనను తాను భక్తునిగా ఎంచుకున్న మనిషికి బిషప్పుల, పాస్టర్ల సంతకాలు గుచ్చుకొనడం సహజం. నేషనల్ కౌన్సిల్ ఆఫ్ చర్చెస్, ప్రెస్బిటేరియన్ మిషను బోర్డు, కార్మిక సంఘాలు కలిసి ఒత్తిడి తెచ్చాయి. సి.డి.జి.ఎం. తరఫున వాదించినవారిలో యువ న్యాయవాది మారియన్ రైట్ ఒకరు. పెళ్ళి తరువాత మారియన్ రైట్ ఎడెల్మన్ అన్న పేరుతో ఆమె 1973లో చిల్డ్రన్స్ డిఫెన్స్ ఫండ్ స్థాపించింది.

డిసెంబరులో రాజీ కుదిరింది. 1967 జనవరి చివరకు 49 లక్షల డాలర్లు వచ్చాయి, గట్టి షరతులతో, మునుపున్న కౌంటీలలో కొన్నిటిని వదులుకొని. ఈ వదులుకోవడం దగ్గర సంఘ పెద్దలకూ గ్రామాలకూ మధ్య చిచ్చు రేగింది. వాషింగ్టన్‌లో బల్ల దగ్గర కూర్చున్నవారు, మిగిలిన కౌంటీలనైనా కాపాడామనుకున్నారు. వదిలివేయబడిన కౌంటీలలోని తల్లులు తమను అమ్మివేశారన్నారు. ఇటువంటి బల్ల దగ్గర కూర్చున్న అనుభవం ఉన్న సేవకులెవరైనా ఉంటే, ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం కావచ్చునని ఒప్పుకుంటారు.

ఎజ్రా, నెహెమ్యా

బి.డి. తరగతిలో మా గురువుగారు తరచూ ఇచ్చే ప్రశ్న ఒకటుండేది. ఎజ్రా రాజును సైనికులను అడగడానికి సిగ్గుపడ్డాడు. తమ దేవుని హస్తం తమకు చాలునని రాజుతో చెప్పుకున్నాడు గనుక. కొన్నేళ్ళ తరువాత నెహెమ్యా అదే సామ్రాజ్యం దగ్గర అధికార పత్రాలు అడిగాడు, రాజు అడవినుండి కలప అడిగాడు, రౌతులతో కూడా వచ్చాడు. ఎవరు సరి? మేము విద్యార్థులుగా ఉన్నప్పుడు ఎజ్రా పక్షాన గట్టిగా వాదించేవాళ్ళం, వయస్సు అటువంటిది.

ఆ చర్చలో మేమెవరమూ చూడని వచనాలు ఎజ్రా గ్రంథం 8వ అధ్యాయంలోనే ఉన్నాయి. సైనికులను అడగని ఎజ్రా, రాజు, అతని మంత్రులు ఇచ్చిన వెండి బంగారాలను మాత్రం తీసుకున్నాడు. బయలుదేరే ముందు తూచి పన్నెండుమంది యాజకుల చేతికి అప్పగించాడు; యెరూషలేము చేరాక మళ్ళీ తూచారు, బరువు వ్రాశారు. రాజు ధనం ముట్టుకోవచ్చునా అన్న ప్రశ్నకంటే ఎవరి చేతికి తూచి ఇచ్చారు అన్న ప్రశ్న ఆ అధ్యాయంలో ఎక్కువ స్థలం తీసుకున్నది. మిసిసిపీలో లెవిన్‌కు, మేరీ హోమ్స్‌కు, సి.డి.జి.ఎం. పాలకమండలికి తూచి ఇచ్చారు. గ్రామ కమిటీలకు తూకం చేతికి రాకముందే లెక్క అడిగారు. మొదటి ఏడు వారాలలో ఒక వారాన్ని గ్రామానికొక లెక్కలమనిషిని తయారుచేయడానికి ఖర్చుపెట్టి ఉంటే స్టెన్నిస్ నోరు మూతపడేది కాదు, కానీ ష్రైవర్‌కు చెప్పుకోవడానికి కారణం ఒకటి తగ్గేది. ఇది అరవై ఏళ్ళ తరువాత కుర్చీలో కూర్చొని చెప్పే మాట అని మాకు తెలుసు.

తరువాత జరిగినది

1968 వచ్చేసరికి సి.డి.జి.ఎం. చరిత్ర ముగింపుకు వచ్చింది. కేంద్రాలు ఒక్కొక్కటిగా స్థానిక సంస్థల కిందికి వెళ్ళాయి. కొన్నిచోట్ల అదే గుడి, అదే ఉపాధ్యాయిని, చెక్కు మీద సంస్థ పేరు మాత్రమే మారింది. కొన్నిచోట్ల పాత మనుషులు ఎవరూ మిగలలేదు. మేయర్స్‌విల్ ఊరికి చెందిన యునీటా బ్లాక్‌వెల్, పత్తి ఏరిన కూలీ, సి.డి.జి.ఎం.లో పనిచేసిన స్త్రీ, 1976లో ఆ ఊరి మేయరుగా ఎన్నికైంది. మిసిసిపీలో ఆ పదవి పొందిన మొదటి నల్లజాతి స్త్రీ ఆమె. ఈ బడులలో పనిచేసి పిల్లలతోపాటు తామూ చదువుకొని, తరువాత కాలేజీ పట్టా తీసుకున్న తల్లులు కూడా ఉన్నారు.

1967 రాజీలో వదిలివేయబడిన కౌంటీలవారు ఏమయ్యారన్నది చెప్పి ముగిస్తాము. వారు కొత్త సంస్థలో చేరడానికి ఒప్పుకోలేదు. ఫ్రెండ్స్ ఆఫ్ చిల్డ్రన్ ఆఫ్ మిసిసిపీ అన్న పేరున సొంతంగా ఏర్పడి, ప్రభుత్వ ధనం లేకుండా, దాతృత్వ సంస్థల సహాయంతోను సొంత శ్రమతోను బడులు తెరిచే ఉంచారు. మళ్ళీ గుడిలో బల్లలు గోడకు నెట్టారు, మళ్ళీ ఇంటింటా ధాన్యం పోగుచేశారు. కొంతకాలానికి ఆ సంస్థ కూడా హెడ్ స్టార్ట్ గ్రాంటు అందుకొన్నది, దశాబ్దాలపాటు ఆ గ్రాంటుతో బడులు నడిపింది. ఆ గ్రాంటు ఒడంబడికను సంతకం చేసినది అదే సంస్థ. మధ్యలో కళాశాల లేదు.